పొగ పుట్టినిల్లు

తర్కశాస్త్రము చదువ నారంభించిన ప్రతి విద్యార్థికిని మొదట కనబడునది ఒక కొండ, దానిపై నొక పొగ. పొగ యున్నచోట నిప్పుండును. వంటయింటిలో మనము దీనిని నిత్యము చూచుచున్నాము. కావున ఆ కొండపై నిప్పున్నది. ఈ యనుమానమును మా గురువుగారు మాచేత ఎన్నిమారులు వల్లెవేయించిరో లెక్కలేదు. వల్లెవేయించిన పిమ్మట ఒక హెచ్చరికయు చేయువారు. కొండపై కనబడునది పొగయో, మంచో ముందు తేల్చుకొనవలెననియు, మంచును చూచి నిప్పును ఊహించినవాని తర్కము మొదటి మెట్టుననే జారిపోవుననియు చెప్పువారు.

నేటి లోకమునకు ఆ యనుమానము ఒక్కటియే చాలదు. శీతకాలమున మన యుత్తరదేశపు నగరములపై క్రమ్ముకొను పొగను చూచి ఎచ్చటనో నిప్పున్నదని చెప్పినంత మాత్రమున ప్రయోజన మేమి? అది ఏ నిప్పు? రైతు తగులబెట్టిన దుబ్బులదా? కర్మాగారపు బొగ్గుదా? మోటారుబండ్ల నూనెదా? పేదరాలి కట్టెలపొయ్యిదా? ఈ ప్రశ్నకు వచ్చు జవాబునుబట్టి శాసనములు పుట్టును, జరిమానాలు పడును, నింద ఒకరి తలపై నిలుచును. పొగ పుట్టినింటిని కనిపెట్టు విద్య యొకటి గడచిన శతాబ్దమున రసాయనశాస్త్రజ్ఞుల చేతులలో పెరిగినది. దాని చరిత్రను చదువరుల కించుక విన్నవింప దలచినాము. ఆ చరిత్రలో యంత్రముల కంటె చేతుల శుభ్రతయే ముఖ్యమైన పాత్ర వహించినదని చూపుట మా యుద్దేశము.

1913వ సంవత్సరమున ఫ్రెడరిక్ సాడీ యను ఆంగ్లేయ రసాయనవేత్త, ఒకే మూలకమునకు చెందిన పరమాణువులు రసాయనగుణములలో ఒక్కటిగానే యుండియు తూకమున భేదింపవచ్చునని చాటెను. వీనికి ‘ఐసోటోపులు’ అని పేరు. ఆ పేరు సూచించినది మార్గరెట్ టాడ్ అను వైద్యురాలు. గ్రీకు భాషలో దానికి ఒకే స్థానము కలవి యని యర్థము. మనవారు ‘సమస్థానీయములు’ అని తెలుగు చేసికొనిరి. 1919లో కేంబ్రిడ్జిలో ఆస్టన్ అనువాడు పరమాణువులను వాని తూకములనుబట్టి వేరుచేసి చూపు యంత్రమును నిర్మించెను. నాటినుండి ఈ భేదములను కొలుచుట సాధ్యమైనది.

సీసమునే తీసికొందము. అందు స్థిరముగా నుండు పరమాణువులు నాలుగు తెగలు: 204, 206, 207, 208 తూకములు గలవి. 204 సృష్ట్యాదిని ఎంత యున్నదో నేడును అంతయే యున్నది. 206, 207 యురేనియము క్షీణించుటవలనను, 208 థోరియము క్షీణించుటవలనను నానాటికి పెరుగుచున్నవి. కాబట్టి భూగర్భమున ఒక గని ఏర్పడిన కాలమునుబట్టియు, అది పుట్టిన శిలలలోని యురేనియము, థోరియముల పాళ్లనుబట్టియు ఆ గనిలోని సీసమునకు ఒక నిష్పత్తి నిలిచిపోవును. ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గని సీసమున 206కును 207కును గల నిష్పత్తి సుమారు 1.04, అమెరికాలోని మిస్సోరి గనుల సీసమున అది సుమారు 1.3. కరగించినను, కాల్చినను, నూనెలో కలిపినను, గాలిలో వెదజల్లినను ఈ నిష్పత్తి మారదు. ఊరు మారినను, వేషము మారినను మనిషి ఒంటిమీది పుట్టుమచ్చ మారనట్లే యిదియు. గాలిలోని ధూళిని పట్టి అందలి సీసపు పుట్టుమచ్చ చూచినచో అది ఏ గనినుండి బయలుదేరినదో చెప్పవచ్చును.

వినుటకు ఇది సులభముగా నున్నది. చేయుటకు ఎంత కష్టమో క్లెయిర్ పాటర్సన్ అను అమెరికను శాస్త్రజ్ఞుని జీవితము తెలుపుచున్నది. ఆయన 1922లో అయోవా రాష్ట్రమున జన్మించెను. 1948 ప్రాంతమున షికాగో విశ్వవిద్యాలయమున హారిసన్ బ్రౌను వద్ద విద్యార్థిగా నుండగా ఆయన కొక పని యప్పగింపబడినది: జిర్కాను అను చిన్న స్ఫటికములలోని సీసమును కొలిచి శిలల వయస్సు తేల్చుట. సహాధ్యాయియైన జార్జి టిల్టన్ యురేనియమును కొలిచెను. ఆ లెక్కలు సరిపోయినవి. పాటర్సనుని సీసపు లెక్క మాత్రము సరిపడలేదు. వయస్సు ముందే తెలిసిన శిలలో ఉండవలసిన దానికంటె ఎన్నో రెట్లు సీసము కనబడుచుండెను. మరల కొలిచినపు డంకె మారుచుండెను.

సామాన్యుడైనచో యంత్రమును నిందించి యుండును. ఈయన తన గదిని శంకించెను. వెదకగా సీసము ఎల్లయెడలను ఉండెను. కుళాయినీటిలో నుండెను, గాజుపాత్రలలో నుండెను, శుద్ధమని కొనితెచ్చిన ఆమ్లములలో నుండెను, బల్లమీది ధూళిలో నుండెను, పీల్చు గాలిలో నుండెను. కొలువవచ్చిన సీసము గోరంత. కొలుచువాడు తెచ్చి కలిపినది కొండంత. 1952లో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థకు మారి అచ్చట తన ప్రయోగశాలను తానే కట్టుకొనెను. లోపలికి వచ్చు గాలిని వడగట్టి, గదిలోని గాలి బయటికి తోయుచుండునట్లే కాని బయటిది లోపలికి చొరకుండునట్లు ఏర్పాటు చేసెను. నేలను, బల్లలను పదేపదే తుడిపించెను. ఆమ్లములను మరల మరల బట్టీపట్టించెను. ఇంత చేసిన పిమ్మట 1953లో, అరిజోనాలో పడిన ‘కాన్యన్ డయాబ్లో’ అను ఉల్కాఖండములోని సీసమును కొలిచి భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరములని కనుగొనెను. 1956లో దానిని విపులముగా ప్రకటించెను. నేటికిని ఆ యంకె నిలిచియే యున్నది.

ఈ సందర్భమున నమూనాను సిద్ధపరచు విధానమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. పత్రికలలో యంత్రముల బొమ్మలు పడును. పాత్రలు కడుగువాని బొమ్మ పడదు. అసలు పని మాత్రము అక్కడనే జరుగుచున్నది. గాలిని గంటలకొలది, ఒక్కొక్కప్పుడు దినములకొలది, ఒక పలుచని వడపోత బిళ్లగుండ లాగుదురు. ధూళి దానిపై నిలుచును. సీసమును చూడదలచినచో ఆ బిళ్లలో కొంతభాగమును ఆమ్లములలో నానవైచి శుద్ధిచేసిన టెఫ్లాన్ గిన్నెలోనుంచి, నత్రికామ్లముతోను, ఇసుకరేణువులను సైతము కరగించు హైడ్రోఫ్లోరికామ్లముతోను వేడిచేసి ద్రవముగా మార్చుదురు. ఆ ద్రవమును రెజిను పూసలు నింపిన సన్నని గొట్టముగుండ పోయుదురు. అచ్చట సీసము పూసలకు అంటుకొని నిలిచిపోవును; ఇనుము, సున్నము మున్నగునవి జారిపోవును. పిమ్మట వేరొక ఆమ్లముతో సీసమును దింపి, ఒక్క చుక్కగా ఎండబెట్టి, సన్నని లోహపు తీగపై నుంచి యంత్రములోనికి పంపుదురు.

ఇన్ని మెట్లలో ఏ మెట్టున నైనను పరాయి సీసము చేరవచ్చును. అందుచే ప్రతి నమూనా వెంట ఒక వట్టి నమూనాను నడిపింతురు. అనగా గాలి లాగని బిళ్లను గూడ అదే పెట్టెలో మోసికొనిపోయి, తెరచి, మూసి, తెచ్చి, అవే యామ్లములలో కరగించి, అదే గొట్టముగుండ పంపి కొలుతురు. అందు ఎంత సీసము కనబడిన అంత తమ చేతిమైల యని యొప్పుకొని లెక్కలోనుండి తీసివేయుదురు. తన చేతిమైల ఎంతో చెప్పలేనివాడు ఇతరుల మైలను గూర్చి చెప్పిన మాట చెల్లదు. ఈ విద్య యంతటికిని ఇదియే మూలసూత్రము.

పాటర్సనునకు తన గదిలోని సీసము ఎచ్చటిదను ప్రశ్న మనసున నిలిచిపోయెను. దాని జవాబు వీధిలో పరుగెత్తుచుండెను. 1921 డిసెంబరులో థామస్ మిడ్జిలీ యనువాడు, పెట్రోలులో టెట్రాయెథిల్ లెడ్ అను సీసపు ద్రవ్యము కలిపినచో మోటారు యంత్రము దడదడ కొట్టుకొనక సాఫీగా నడుచునని కనుగొనెను. 1923లో అది విపణికి వచ్చెను. 1924 అక్టోబరులో న్యూజెర్సీ రాష్ట్రమున దానిని తయారుచేయు కర్మాగారమున అయిదుగురు పనివారు మతిచలించి మరణించిరి. 1925లో వాషింగ్టనున జరిగిన సభలో ఆలిస్ హామిల్టన్, యాండెల్ హెండర్సన్ మొదలగు వైద్యవిద్యావేత్తలు దీనిని వీధులలోనికి విడువరాదని వాదించిరి. ఆ వాదము నెగ్గలేదు. రాబర్ట్ కీహో యను వైద్యుడు పరిశ్రమవారి పక్షమున నిలిచి, సీసము మానవశరీరమున సహజముగానే యుండుననియు, ఒక హద్దు దాటనంతవరకు హాని లేదనియు సుమారు నలుబదియేండ్లు బోధించెను.

ఆ బోధ అంతకాలము నిలుచుటకు కారణమును చదువరులు గమనింపవలెను. నాడు సీసమును కొలుచు ప్రయోగశాల లన్నియు తమ సీసముతో తామే నిండియుండినవి. అచ్చట సముద్రపు నీటిని కొలిచినను సీసమే. మంచును కొలిచినను సీసమే. రక్తమును కొలిచినను సీసమే. అంతటను సీసమే కనబడినపుడు అది సహజమనుట సులభము గదా. మురికి గిన్నెలో కొలిచినవానికి లోకమంతయు మురికిగానే తోచును. అపుడు మురికిచేసినవాడు వేరుగా కనబడడు. శుభ్రతలేని ప్రయోగశాల తెలియకయే అపరాధి పక్షమున సాక్ష్యము చెప్పినది.

1965లో రెండు వ్యాసములు వెలువడినవి. చౌ, జాన్‌స్టన్ అను నిరువురు లాస్ ఏంజిలీస్ నగరపు గాలిలోని సీసమును, అచ్చట అమ్ము పెట్రోలులోని సీసమును ప్రక్కప్రక్కన కొలిచి, రెండింటి పుట్టుమచ్చయు ఒక్కటియే యని చూపిరి. ఆ సంవత్సరమే పాటర్సను, నాటి మానవుల శరీరములలోని సీసము సహజమైన దానికంటె ఎన్నో రెట్లు అధికమనియు, సామాన్యమైనదంతయు సహజము కాదనియు ప్రకటించెను. 1966లో అమెరికా సెనేటు ఉపసంఘము ఎదుట ఈయనయు, కీహోయు సాక్ష్యము చెప్పిరి. 1969లో పాటర్సను, మురొజుమి, చౌ అను మువ్వురు గ్రీన్లండు హిమములో జరిపిన పరిశోధన వెలువడినది. క్రీస్తునకు పూర్వము 800 ప్రాంతపు మంచులో కిలోగ్రామునకు ఒక మైక్రోగ్రాములో వేయవవంతు సీసము సైతము లేదు. 1960ల నాటి మంచులో దానికి సుమారు 200 రెట్లున్నది. ఆ మంచును త్రవ్వినవారు శుద్ధిచేసిన ప్లాస్టికు తొడుగులు ధరించి పనిచేసిరి. తరువాతి కాలమున యంత్రముతో తొలిచి తీసిన మంచుకడ్డీల వెలుపలి భాగము మైలపడియుండుటచే, ఉల్లిపొరలవలె ఒక్కొక్క పొరను చెక్కుచు, పొరపొరకును సీసమును కొలుచుచు, ఇక తగ్గుటలేదని తేలిన నడిమిభాగమును మాత్రమే ప్రమాణముగా గ్రహించిరి.

1980లో సెటిల్ అనునామెతో కలిసి పాటర్సను ప్రకటించిన చేపల పరిశోధన మరియు చిత్రమైనది. అప్పటివరకు ఇతర ప్రయోగశాలలవారు, సముద్రమునుండి పట్టిన పచ్చిచేపలోను, సీసముతో అతికిన డబ్బాలోని చేపలోను సీసము ఇంచుమించు ఒకే తరగతిలో నున్నట్లు చెప్పుచుండిరి. పరిశుభ్రముగా కొలిచి చూడగా రెండింటికిని వేలరెట్లు భేదము కనబడెను. డబ్బాలోని విషము ఎప్పుడును అక్కడనే యుండెను. పచ్చిచేపను కొలుచువారి చేతిమైల ఆ భేదమును కప్పివైచినది.

ఈ సత్యమునకు పాటర్సను మూల్యము చెల్లింపవలసి వచ్చెను. ఆయనకు వచ్చుచున్న పరిశోధనధనములో కొంత నిలిచిపోయెను. 1971లో గాలిలోని సీసమును విచారించుటకు జాతీయ పరిశోధనమండలి నియమించిన సంఘములో, ఆ విషయము అందరికంటె నెరిగిన యాయనకు చోటు దొరకలేదు. కాని గాలి మారినది. 1970ల నడుమనుండి అమెరికాలో పెట్రోలునందలి సీసము తగ్గింపబడగా, 1976నుండి 1980లోపల ప్రజల రక్తములోని సగటు సీసము సుమారు 37 శాతము తగ్గినట్లు ప్రభుత్వ పరీక్షలలో తేలెను. పాటర్సను 1995 డిసెంబరులో మరణించెను. మరుసటి నెలలో, అనగా 1996 జనవరి 1వ తేదీన, ఆ దేశపు రహదారి వాహనములకు సీసపు పెట్రోలు అమ్ముట పూర్తిగా నిషేధింపబడినది. మన దేశమున 2000వ సంవత్సరమున అది ముగిసినది. లోకమున కట్టకడపట 2021లో అల్జీరియా దానిని విడిచినది.

2000 అను నంకె మాకు ఊరక పోదు. అంతకు పూర్వము బడికి రహదారి ప్రక్కన నడచిన పిల్లలలో మేమును ఒకరము. బస్సు కదలిపోయిన పిదప నిలిచిన వాసనను పట్టణపు వాసన యని ఇష్టపడి పీల్చిన దినములు మాకు జ్ఞాపకమున్నవి. స్కూటర్ల వెనుక, కార్ల వెనుక మేము పీల్చిన సీసము ఏ గనిదో, అది మా తరమువారి బుద్ధిలో ఏ మాత్రము హరించినదో ఇపుడెవ్వరు లెక్కింపగలరు? పసిపిల్లల మెదడునకు ఇంతవరకైన క్షేమమని చెప్పదగిన సీసపు హద్దు లేదని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది.

ఇక మొదట చెప్పిన కొండకు వత్తము. పొగలో ముఖ్యముగా నుండునది కర్బనము. దానికిని పుట్టుమచ్చ కలదు. 1940ల చివర విల్లార్డ్ లిబ్బీయు, ఆయన తోడివారును చూపినట్లు, జీవించియున్న ప్రతి వృక్షమునందును 14 తూకముగల రేడియో కర్బనము లేశమాత్రముగా నుండును. చెట్టు చచ్చిన పిదప అది 5,730 ఏండ్లకు సగము చొప్పున తరిగిపోవును. నేలబొగ్గు, నేలనూనె కోట్ల యేండ్లనాటివి గనుక వానిలో అది బొత్తిగా లేదు. కట్టె, పిడక, గడ్డి నిన్న మొన్నటివి గనుక వానిలో నిండుగా నున్నది. కావున పొగలోని రేడియో కర్బనమును కొలిచినచో అందు పొయ్యిపాలెంత, ఇంజనుపాలెంత యని చెప్పవచ్చును. 1955లోనే క్లేటన్, ఆర్నాల్డ్, పాటీ యను మువ్వురు నగరపు గాలిలోని మసి విషయమున ఈ యుపాయమును ప్రయోగించిరి. అంతేకాక, 13 తూకముగల కర్బనము జొన్న, చెరకు, మొక్కజొన్నలలో ఒక పాలును, వరి, కట్టెలలో మరియొక పాలును ఉండుటచే, కాలినది ఏ జాతి పైరో కూడ కొంతవర కూహింపవచ్చును.

2006 శీతకాలమున స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు ఓర్యాన్ గుస్తాఫ్సన్, ఆయన సహచరులు, దక్షిణాసియాపై ప్రతియేట క్రమ్ము గోధుమవన్నె మబ్బును పరీక్షింపబూనిరి. మాల్దీవులలోని హనిమాధూ ద్వీపమునను, పుణె నగర సమీపమున శివాజీ చరిత్రలో ప్రసిద్ధికెక్కిన సింహగడ్ కొండమీదను గాలిని వడగట్టిరి. తర్కశాస్త్రపు కొండ నిజముగనే ప్రయోగశాలయైనది! 2009లో ఫలితములు వెలువడినవి. మొత్తము కర్బనధూళిలో మూడింట రెండువంతులు నిన్నమొన్నటి వృక్షసంబంధమైన దహనమునుండి వచ్చినదని తేలినది. కాని ఆ ధూళిలోనుండి నల్లని మసిని మాత్రము వేరుచేసి చూచునప్పు డొక చిక్కు కలదు. దానిని వేరుచేయు పద్ధతులు రెండు. ఒకటి, 375 డిగ్రీల వేడిలో గంటలకొలది గాలితగులనిచ్చి తక్కినదంతయు కాల్చివైచి, గట్టిమసిని మిగుల్చుట. రెండవది, హీలియము వాయువులోను, పిమ్మట ప్రాణవాయువుతోను క్రమముగా వేడిచేయుచు, కాంతికిరణము సాయమున మసిని గుర్తించుట. మొదటి పద్ధతిన మిగిలిన మసిలో పొయ్యిపొలముల పాలు సుమారు సగము. రెండవ పద్ధతిన సుమారు మూడింట రెండువంతులు. శాస్త్రజ్ఞులు రెండంకెలను దాచక ప్రకటించిరి. పుట్టుమచ్చ చెప్పునది సత్యమే. ఎవని పుట్టుమచ్చను చూచుచున్నామో నిర్ణయించునది మాత్రము నమూనాను సిద్ధపరచిన చేయి.

ఈ రెండంకెల నడుమనున్న భేదము ప్రయోగశాలతో ముగియునది కాదు. పొయ్యిపాలు హెచ్చన్నచో నింద కట్టెలపొయ్యి నూదు స్త్రీపై పడును. ఇంజనుపాలు హెచ్చన్నచో బండ్లుగలవారిపై పడును. రేడియో కర్బనము వంటచెరకు పొగను, చేలలో కాల్చిన దుబ్బు పొగను, కార్చిచ్చు పొగను వేరుగా చూపజాలదన్న సంగతి మరచి, మొత్తమంతయు పొయ్యిదే యని వ్రాయుట మంచును చూచి పొగ యనుట వంటిదే. ఆ స్త్రీ మొట్టమొదట ఆ పొగను తానే పీల్చి దగ్గుచున్నది. ఆమెకు పొగలేని వంటయిల్లు కల్పించుట మన విధి; ఆమెను దోషిగా నిలిపి మన వాహనములను మరచుట విధి కాదు.

మన దేశమున మడి యను మాట కొరతలేదు. తడిబట్టతో వంటచేసి, తోడి మనుష్యుని నీడకు వెరచినవారు మన పూర్వులలో గలరు. వారి వంటయిండ్లు పొగచూరియే యుండినవి. ఆ శుచి ఇతరుని మైలను వెదకెను. ప్రయోగశాలలోని శుచి తన మైలను వెదకును, కొలుచును, అంకెవేసి పదుగురిలో ప్రకటించును. మనము నేర్వదగినది ఈ రెండవది.

మా పాఠశాలలో రసాయనప్రయోగము జరుగునపుడు మొదట వట్టి నీటితో పరీక్ష చేయవలెనని మేము నియమము పెట్టినాము. మొన్న ఒక బాలుడు విసుగుతో, “నీళ్లలో ఏమీ లేదు కదా మాస్టారూ, దానికెందుకు పరీక్ష?” అని యడిగెను. చేసి చూడుమంటిమి. నీటిలో రంగు మారినది. వాడు గొట్టమును సరిగా కడుగలేదు. వాడు సిగ్గుపడి ఆ యంకెను తుడిచివేయబోగా మేము వలదని వారించి, పుస్తకములో మొదటి పంక్తిగా దానినే వ్రాయించితిమి.